'అలవాటైపోయింది' అనే అబద్ధం

గల్ఫ్‌కు వెళ్ళిన భర్త కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఒంటరిగా సంసారం ఈదుకొస్తున్న ఇల్లాలిని గురించి మన పెద్దలు ఒక మాట ఎంతో సులువుగా అంటారు: "మొదట్లో ఏడ్చింది, ఇప్పుడు అలవాటైపోయింది." పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ మొదలుకొని కడప, రాయచోటి వరకు మన మొహల్లాలన్నిటిలోనూ ఈ మాట చెలామణిలో ఉంది. ఆ మాటను మేము ఒప్పుకోము. ఒక మనిషి గుండెలో ఏదో తెగిపోయిందన్న సంగతిని కప్పిపుచ్చడానికి మనం నేర్చుకున్న మర్యాదపూర్వకమైన అబద్ధం అది. భార్యాభర్తలు ఒకరి చెంత ఒకరు బ్రతకడం కలిగినవారి విలాసం కాదు, ప్రతి దంపతుల హక్కు. ఆ హక్కును పేదరికం పేరిట ఒకరు, చట్టం పేరిట ఒకరు, సంప్రదాయం పేరిట మరొకరు కాజేస్తుంటే ముస్లింల హక్కులను గురించి మాట్లాడే మనం మౌనంగా ఉండడం తగదు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేస్తూ దశాబ్దాల పాటు దరఖాస్తులు తిరగవేసిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. వివాహిత, అవివాహిత, వితంతువు అని దరఖాస్తులో గళ్ళుంటాయి. ఒంటరి మహిళ పింఛనుకు మరొక గడి ఉంది. భర్త బ్రతికే ఉన్నాడు, తలాక్ ఇవ్వలేదు, విడిచిపెట్టనూ లేదు, నెలనెలా డబ్బు కూడా పంపుతున్నాడు, కాని పక్కన లేడు. అటువంటి స్త్రీకి ఏ కాగితంలోనూ గడి లేదు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తాడనుకుంటే, పదేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ కలిసి ఉన్నది పది నెలలు. మిగిలిన నూటపది నెలలను ఏమని పిలవాలి? కాపురమనా, నిరీక్షణ అనా?

బంధం తెగే క్రమం

అలవాటు అంటే ఏమిటో తెలుసుకోవడానికి కొంచెం దూరం వెళ్ళక తప్పదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి కాలంలో ఇంగ్లండులో జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు, తల్లికి దూరమైన పసిపిల్లల మానసిక స్థితిని గురించి పరిశోధించాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన నివేదికను ప్రచురించింది. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాపను రోజూ గమనిస్తూ 1952లో ఒక చిత్రం తీశాడు. ఆనాటి ఆసుపత్రులలో తల్లిదండ్రులను ఎప్పుడు పడితే అప్పుడు రానిచ్చేవారు కాదు. వస్తే పిల్లలు ఏడుస్తారు, వార్డులో క్రమశిక్షణ చెడుతుంది అనేవారు.

తల్లికి దూరమైన పిల్లలలో మూడు దశలు కనిపిస్తాయని వీరిద్దరూ తేల్చారు. మొదటిది తిరుగుబాటు. పిల్ల ఏడుస్తుంది, పిలుస్తుంది, తలుపు వైపే చూస్తుంది. రెండవది నిరాశ. ఏడుపు తగ్గుతుంది, ఆట మీద, తిండి మీద మనసు పోదు. మూడవది ఎడబాటును మింగేసుకున్న విముఖత. పిల్ల మళ్ళీ ఆడుకుంటుంది, నర్సులతో నవ్వుతుంది, కాని తల్లి వచ్చినప్పుడు ముఖం తిప్పుకుంటుంది. వార్డులోని వారు ఈ మూడవ దశను చూసి, "పిల్ల సర్దుకుంది" అని సంతోషించేవారు. అది సర్దుకోవడం కాదని, ఆశపడడం మానుకోవడమని బౌల్బీ, రాబర్ట్‌సన్ మొత్తుకున్నారు. వారి మాట వృథా పోలేదు. పిల్లలను చూడడానికి తల్లిదండ్రులకు వేళాపాళా ఆంక్షలు ఉండరాదని 1959లో అక్కడి ప్లాట్ కమిటీ సిఫారసు చేసింది. క్రమేణా ఆసుపత్రుల నియమాలు మారాయి.

ఇది పసిపిల్లల సంగతి గదా, పెద్దవారికేమిటి సంబంధం అని అడగవచ్చు. 1987లో అమెరికాలో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే చేపట్టారు. ఒక దినపత్రికలో ప్రశ్నావళి ప్రచురించి, వచ్చిన జవాబులను పరిశీలించారు. పసితనంలో తల్లి పట్ల ఉండే బంధానికీ, పెద్దయ్యాక జీవిత సహచరుని పట్ల ఉండే బంధానికీ ఒకే రకమైన పోలికలున్నాయని వాదించారు. భయం వేసినప్పుడు ఎవరి వద్దకు పరుగెత్తుతాము, ఎవరు పక్కనుంటే లోకంలోకి ధైర్యంగా వెళ్ళగలుగుతాము, ఎవరు దూరమైతే ఊపిరి ఆడదు అన్నవే ఆ బంధానికి గుర్తులు. పెద్దవారు పసివారి వంటివారు కారు, నిజమే. దూరాన ఉన్న మనిషిని మనసులో నిలుపుకోగల శక్తి పెద్దవారికి ఉంది. కాని ఆ శక్తికీ ఒక హద్దున్నది.

2006లో జేమ్స్ కోన్, ఆయన సహచరులు చేసిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. పదహారుమంది వివాహిత స్త్రీలకు చిన్న విద్యుత్ షాక్ తగలవచ్చునని ముందుగా చెప్పి, ఆ సమయంలో వారి మెదడు ఎలా స్పందిస్తున్నదో యంత్రంతో పరీక్షించారు. ఎవరి చేయీ పట్టుకోనప్పుడు భయం ఎక్కువగా కనిపించింది. అపరిచితుని చేయి పట్టుకున్నప్పుడు కొంత తగ్గింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు ఇంకా తగ్గింది. వారిలోనూ సంసారం సుఖంగా ఉన్నవారికి మరింత తగ్గింది. చేతిలో చేయి ఉండడం కవుల అలంకారం మాత్రమే కాదు, శరీరం ఎరిగిన సత్యం. ఏ ఫోనులోనుంచీ చేయి బయటకు రాదు.

మన వాడలలో ఆ మూడు దశలు

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూద్దాం. నికాహ్ అయిన నాలుగైదు నెలలకే అబ్బాయి విమానం ఎక్కుతాడు. మొదటి సంవత్సరం రాత్రి పొద్దుపోయేదాకా ఫోనులో మాటలు, అలకలు, కన్నీళ్ళు, "ఎప్పుడొస్తావు" అన్న ఒకే ప్రశ్న. ఇది తిరుగుబాటు. రెండవ మూడవ సంవత్సరాలలో అమ్మాయికి తలనొప్పి, నిద్ర పట్టదు, అన్నం సహించదు. నంద్యాల ఆసుపత్రులకు తిప్పి బలానికి సూదులు వేయిస్తారు. గాలి సోకిందని దర్గాకు తీసుకుపోయి తావీజు కట్టిస్తారు. ఇది నిరాశ అని ఎవరూ అనరు. నాలుగేళ్ళు దాటాక ఫోను మాటలు ఐదు నిమిషాలకు కుదించుకుపోతాయి. డబ్బు వచ్చిందా, పిల్లవాడి ఫీజు కట్టావా, ఇంటి స్లాబు ఎంతవరకు వచ్చింది? అంతే. అత్తగారు తృప్తిగా చెబుతారు: "కోడలికి అలవాటైపోయింది." ఆ వార్డులో నర్సులు అన్నమాట ఇదే.

ఆ తరువాత భర్త సెలవు మీద వస్తాడు. పెట్టె నిండా సామాను తెస్తాడు. ఆమె వంట చేస్తుంది, వడ్డిస్తుంది, కాని మాట కలవదు. బిడ్డ "అబ్బా" అని పిలవడానికి జంకి తల్లి కొంగు చాటున దాక్కుంటాడు. ఇంట్లో తానొక అతిథినని ఆ మనిషికి తెలుస్తుంది. ఆ బాధ చెప్పుకోవడం చేతకాక కోపంగా మారుతుంది, కోపం అనుమానంగా మారుతుంది. నలభై రోజులకు మనసు కాస్త దగ్గరపడుతుండగా తిరుగు టిక్కెట్టు గుర్తుకు వస్తుంది. మొహల్లా పెద్దల ముందుకు పంచాయితీకి వచ్చే తగవులలో ఇటువంటివి మేము ఎన్నో విన్నాము. ఇద్దరిలోనూ దుర్మార్గులు ఎవరూ ఉండరు. ఇద్దరూ ప్రేమను దాచుకోవడానికి మొద్దుబారినవారే.

భర్త బాధను తక్కువ చేయరాదు. ఒకే గదిలో ఎనిమిది పదిమంది మధ్య, ఒకదానిపై ఒకటి వేసిన మంచాల మీద యౌవనమంతా గడిపిన మనిషి అతడు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళిన మన స్త్రీల కథ ఇంకా కఠినం. వారు పరాయి బిడ్డలను ఎత్తుకు పెంచుతారు, సొంత బిడ్డలు ఇక్కడ నానమ్మల వద్ద పెరుగుతారు. ఇది ముస్లింల ఇళ్ళకే పరిమితమైన వ్యథ కాదు. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి వెళ్ళిన దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలదీ ఇదే కథ. అయితే మన స్త్రీల కన్నీటిని గురించి దేశమంతా ఉపన్యాసాలు మోగుతున్న కాలమిది కనుక, మన మాట మనమే చెప్పుకోవలసి ఉన్నది.

చట్టానికి వినిపించే మూడు మాటలు, వినిపించని మౌనం

2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 3–2 మెజారిటీతో, ఒకే విడత మూడు తలాక్‌లను చెల్లనివిగా ప్రకటించింది. 2019 జూలైలో పార్లమెంటు చేసిన చట్టం ఆ మూడు మాటలు పలికిన భర్తకు మూడేళ్ళ వరకు జైలు శిక్ష విధించింది. ముస్లిం స్త్రీకి విముక్తి లభించిందని టీవీలలో పండుగ చేశారు. మంచిది. ఒకే ఊపిరిలో భార్యను వీధిపాలు చేసే దురాచారాన్ని మేమూ సమర్థించము. కాని ఆనాడు కన్నీరు కార్చిన నాయకులను ఒక్క ప్రశ్న అడుగుతున్నాము. మూడు మాటలు పలికితే నేరమని మీకు తోచింది. పదేళ్ళపాటు ఒక్క మాటా పలకలేని దూరాన్ని దంపతుల మధ్య నిలబెట్టిన ఆర్థిక విధానం ఏమని తోచింది? తలాక్ చెప్పిన భర్తను జైలుకు పంపితే భార్యకు తోడు దొరుకుతుందా? ముస్లిం కాపురం మీకు పోలీసు స్టేషను గుమ్మంలోనే కనిపిస్తుంది. అడుగు ముందుకు వేసి ఇంట్లోకి చూసే ఓపిక మీకు లేదు.

విదేశాల నియమాలు చూడండి. కువైట్ 2016లో ఇంటి పనివారికి నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినార్లు. అదే కువైట్ 2024 జనవరిలో కుటుంబ వీసాలు తిరిగి తెరిచినప్పుడు, భార్యాబిడ్డలను తెచ్చుకోదలచినవాడికి నెలకు 800 దినార్ల జీతం ఉండాలన్నది. ఒకటికి పదమూడు రెట్లకు పైమాట. సౌదీ అరేబియా 2017 జూలై నుండి విదేశీ కార్మికుని వెంట ఉండే ప్రతి కుటుంబ సభ్యునిపై నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలుపెట్టి, ఏటేటా పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్ళు. అంటే భార్యను ప్రేమించడానికి కూడా ఆదాయ పరిమితి ఉన్నదన్నమాట. ఈ నియమాలను గురించి మన ప్రభుత్వం ఆ దేశాలతో ఎంత గట్టిగా మాట్లాడింది? కార్మికుడు పంపే సొమ్ము మన లెక్కల్లోకి వస్తుంది, అతని ఒంటరితనం ఎవరి లెక్కలోకీ రాదు.

మన రాష్ట్రంలో పెళ్ళికి సాయంగా మైనారిటీ వధువులకు షాదీ తోఫా పేరిట 2022లో లక్ష రూపాయలు ప్రకటించారు. పెళ్ళి జరిపించడానికి సొమ్ము ప్రకటించారు, పెళ్ళైన వాడు ఊళ్ళోనే బ్రతికే దారి మాత్రం లేదు. బ్యాంకు అప్పులలో, ప్రభుత్వ కొలువులలో ముస్లింల వెనుకబాటును 2006లోనే సచార్ కమిటీ తేటతెల్లం చేసింది. ఆ మరుసటి ఏడాది మన రాష్ట్రంలో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషను కొందరికి చదువు ఇచ్చింది. కాని మెకానిక్ షెడ్డు పెట్టుకోదలచిన పాణ్యం యువకునికి వీసా ఏజెంటు దొరికినంత తేలికగా బ్యాంకు అప్పు దొరకదు.

మన ఇంటి తప్పు

ప్రభుత్వాన్ని నిలదీసి ఊరుకుంటే అది సగం న్యాయమే అవుతుంది. సోదరులారా, మన జమాత్‌లు ఏమి చేస్తున్నాయి? సంబంధం కుదిరేటప్పుడు జోడేకీ రఖం ఎంత, బంగారం ఎన్ని తులాలు, విందులో ఎన్ని రకాలు అని గంటలకొద్దీ బేరమాడుతాం. "ఈ ఇద్దరూ ఏడాదికి ఎన్నాళ్ళు కలిసి ఉంటారు?" అని ఒక్కరమూ అడగము. పైగా "అబ్బాయి కువైట్‌లో ఉన్నాడు" అన్నది సంబంధానికి అదనపు విలువ!

మత ధర్మం పేరు చెప్పి స్త్రీకి సహనం బోధించేవారు ఆ ధర్మాన్నే ఒకసారి నిదానంగా చదవాలి. దివ్య ఖురాన్‌లోని రూమ్ సూరా దాంపత్యానికి చెప్పిన లక్షణాలు మనశ్శాంతి, ప్రేమ, కరుణ. డబ్బు పంపడం ఆ జాబితాలో లేదు. అది భర్త విధి, నిజమే. కాని విధి వేరు, దాంపత్యం వేరు. నిసా సూరా భార్యను వేలాడుతున్నదానిలా వదిలివేయవద్దని హెచ్చరించింది. అటు భర్త ఉన్నదీ కాదు, ఇటు లేనిదీ కాదు అన్న స్థితి అది. ఖలీఫా ఉమర్ కాలం నాటి ఒక ప్రసిద్ధ వృత్తాంతం మన ఉలేమాలకు తెలియనిది కాదు. యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక స్త్రీ రాత్రివేళ పడుతున్న వేదనను విన్న ఖలీఫా, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని తన కుమార్తె హఫ్సాను అడిగి తెలుసుకొని, సైనికులను అంతకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆజ్ఞాపించాడని చెబుతారు. నాలుగు నెలలని కొందరు, ఆరు నెలలని కొందరు రాశారు. నెలలలో తేడా ఉన్నది గాని, ఆ పాలకుడు ఒక స్త్రీ ఒంటరితనాన్ని రాజ్య సమస్యగా గుర్తించాడన్న దానిలో తేడా లేదు. "సబర్ చెయ్యి అమ్మా" అని ఆయన ఆమెకు చెప్పి పంపలేదు. నియమాన్ని మార్చాడు.

మనం మాత్రం నియమానికి బదులు కాపలా పెడతాం. కోడలు ఎవరితో మాట్లాడుతున్నది, ఫోను ఎందుకు చాటుగా చూసుకుంటున్నది, పుట్టింటికి ఎన్ని రోజులు పోయింది అని ఇంటిల్లిపాదీ కన్నేసి ఉంచుతాం. కాపలా వేరు, తోడు వేరు. ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టకుండా, దొంగతనం చేస్తుందేమోనని చుట్టూ మనుషులను నిలబెట్టడం వంటిది ఈ పని.

"అన్నం లేనప్పుడు ప్రేమేమిటి?" అనేవారికి మా జవాబు ఇది. అన్నం కోసం వెళ్ళినవాడిని మేము నిందించడం లేదు. వానలు లేని నేల మీద, పని లేని ఊళ్ళో, అప్పుల వడ్డీ తలమీద ఉన్నప్పుడు వెళ్ళక తప్పనివారున్నారు. కాని అప్పు తీరాక చెల్లెలి పెళ్ళికని, పెళ్ళయ్యాక మిద్దెకని, మిద్దె కట్టాక పైఅంతస్తుకని ఇల్లంతా ఒక మనిషి యౌవనాన్ని కుదువ పెట్టి వాడుకుంటున్నది. ఎక్కడ ఆగాలో చెప్పే పెద్ద ఎవరూ లేరు. పై అంతస్తు లేచిన ఇళ్ళలో దంపతులు నిద్రించని గదులు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి చూడండి.

చేయవలసినవి

మేము అడుగుతున్నవి ఆకాశంలోని చుక్కలు కావు.

మొదటిది, నికాహ్‌నామాలో షరతులు రాసుకునే హక్కు వధూవరులకు ఉన్నది. పరదేశానికి వెళ్ళవలసి వస్తే భార్య ఇష్టపూర్వక సమ్మతితోనే వెళ్ళాలని, ఎంతకాలానికి ఒకసారి తప్పక రావాలో, ఎన్నేళ్ళకు తిరిగి రావాలో, ఖర్చుల సొమ్ము భార్య పేరిట ఉన్న ఖాతాలోకే రావాలని రాయించాలి. ఖాజీలు ఈ ప్రశ్నలను వధువును స్వయంగా అడగాలి, ఆమె తండ్రిని కాదు.

రెండవది, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టాన్ని మన ఆడపిల్లలకు తెలియజెప్పాలి. భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోయినా, రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా, సహేతుకమైన కారణం లేకుండా మూడేళ్ళు దాంపత్య ధర్మాలు నెరవేర్చకపోయినా భార్య కోర్టు ద్వారా వివాహాన్ని రద్దు చేసుకోవచ్చు. కాపురాలు కూలదోయడానికి కాదు, తాను వేలాడవలసిన అవసరం లేదని స్త్రీకి తెలిసి ఉండడానికి ఈ సంగతి చెప్పాలి. తెలిసిన భార్యతో భర్తా, అత్తవారూ మాట్లాడే తీరే మారుతుంది.

మూడవది, గల్ఫ్ దేశాలతో చేసుకునే కార్మిక ఒప్పందాలలో ఏడాదికొకసారి రానుపోను ఖర్చులతో కూడిన సెలవు తప్పనిసరి చేయాలని కేంద్ర ప్రభుత్వాన్ని పార్టీలకు అతీతంగా అడగాలి. తిరిగి వచ్చినవారికి రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ రుణాలలో ప్రాధాన్యం ఇవ్వాలి. సొంత ఊళ్ళో నిలదొక్కుకోవడానికి రెండు లక్షల అప్పు దొరికితే పదేళ్ళ ఎడబాటు తప్పేవారు మన వాడలలో తక్కువేమీ లేరు.

నాలుగవది, మనసు బాధను గాలి, చెడుచూపు అనడం మానాలి. నిద్ర పట్టని ఇల్లాలిని తిట్టడానికి ముందు ఆమె పక్కన కూర్చుని వినాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నెంబరుకు ఉచితంగా ఫోను చేసి మానసిక సలహాదారులతో మాట్లాడవచ్చు. ఈ నెంబరు ప్రతి మసీదు నోటీసు బోర్డు మీదా, ప్రతి ఉర్దూ పాఠశాల గోడ మీదా ఉండాలి.

ఇక సెలవు మీద వచ్చిన అన్నదమ్ములకు ఒక విన్నపం. ఆమె ముఖం తిప్పుకుంటే అది ద్వేషం అనుకోకండి, అనుమానించకండి. చాలాకాలం ఎదురుచూసి అలసిన మనసు మళ్ళీ ఆశపడడానికి భయపడుతున్నది. దానికి కానుకలు మందు కావు. కూర్చోండి, వినండి, ఆమె ఈ ఏళ్ళన్నీ ఎలా గడిపిందో అడగండి. మీరెలా గడిపారో కూడా దాచుకోకుండా చెప్పండి. బంధం తెగడానికి ఏళ్ళు పట్టినట్టే అతకడానికీ కొంత కాలం పడుతుంది. ఆ కాలాన్ని బంధువుల విందులకు పంచిపెట్టకండి.

వచ్చే శుక్రవారం నమాజు తరువాత మన మసీదు కమిటీలు ఈ విషయంపై ఒక్క గంట కూర్చోవాలని మా కోరిక. ఆ కూర్చునే చోట పరదా అవతలనైనా సరే, గల్ఫ్ వెళ్ళినవారి భార్యలు కూడా ఉండాలి. వారిని గురించి మనం మాట్లాడింది చాలు. వారిని మాట్లాడనివ్వాలి, మనం వినాలి.